మూడు బిందెల పరీక్ష

కల్పలత టీచర్ మొహం గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇద్దరు ఆడవాళ్ళు కొట్లాడుకుంటూ కొండెక్కి, అక్కాచెల్లెళ్ళలా వాటేసుకుని దిగివచ్చారని వినాలనుంటే ఇక్కడితో ఆపేయండి. అలాంటిదేమీ జరగలేదు.

నా పేరు షిరీన్. చిలకలగూడలో మౌలాలి టెంట్ వర్క్స్ అని బోర్డు కనిపిస్తే అది మా దుకాణమే. మౌలాలి మా నాన్న. కంటోన్మెంటు సిపాయిలకు కాన్వాసు గుడారాలు కుట్టీ కుట్టీ ఆయన కుడిచేతి బొటనవేలు వంకరపోయింది. ఆయన పోయాక మిషన్ ముందు నేను కూర్చున్నాను. కాన్వాసు పోయి నైలాన్ వచ్చింది. సిపాయిలు పోయి కొండలెక్కే కుర్రకారు వచ్చారు. మా పరీక్ష మాత్రం మారలేదు. టెంటు కుట్టడం అయిపోయాక గల్లీలో నిలబెడతాం. లోపల తెలుగు పేపరు పరుస్తాం. పైనుంచి మూడు బిందెల నీళ్ళు గుమ్మరిస్తాం. పేపరు తీసి చూస్తే ఒక్క అక్షరం తడవకూడదు. అప్పుడే మూలన ఎర్రదారంతో చిన్న ఇంటూ మార్కు కుడతాం. అది మా నాన్న ముద్ర. ఆ ముద్ర పడ్డ టెంటు ఒక్కటి కూడా మా గడపకు తిరిగి రాలేదు.

అలాంటి టెంటు మీద ఆ మహాతల్లి వీడియో పెట్టింది.

ఆమెది మల్కాజ్‌గిరి. స్కూల్లో ఆటల టీచరుగా చేసి రిటైరైంది. ఇంట్లో కాళ్ళు ముడుచుకుని కూర్చోలేక, నలుగురిని పోగేసి ఏటా హిమాలయాలకు తీసుకెళ్తుంది. అక్కడ చూసిందీ తిన్నదీ ఫోన్లో తీసి జనానికి చూపిస్తుంది. ఒక పొద్దున మా అమ్మాయి అక్సా ఫోను తెచ్చి నా మిషన్ మీద పెట్టింది. అందులో కల్పలత మా ఎర్ర ముద్ర మీద వేలుపెట్టి మాట్లాడుతోంది.

"ఈ ముద్ర చూసి మోసపోకుండ్రి. పోయినేడు కొండ మీద రాత్రంతా వాన. ఈ టెంట్ కారింది. తెల్లారి చూస్తే మా చెల్లె సృజన తడిసి ముద్దయి, సోయి లేకుండ పడున్నది. పదకొండు రోజులు దవాఖానల ఉన్నది. ఇప్పటికీ రెండు మెట్లెక్కితే ఆయాసం."

కత్తెర బల్ల మీద కొట్టాను. కారిందట! మా టెంటు కారిందట! వారం తిరగకముందే ఆర్డర్లు ఒక్కొక్కటే రద్దయ్యాయి. ఎదురుగా చాయ్ హోటల్ బ్రహ్మచారి కూడా, "ఏందక్కా, కారుతయంట గదా?" అన్నాడు. వాడి గల్లా మీద ఉన్న సోంపు గిన్నె తీసి విసిరికొట్టాలనిపించింది.

ఆమె నంబరు సంపాదించి ఫోన్ చేశాను. అరగంట తిట్టుకున్నాం. మర్నాడు ఆమె ఆ టెంటు చంకన పెట్టుకుని, మల్కాజ్‌గిరి నుంచి బస్సెక్కి మా గల్లీలోకే దిగింది. సన్నగా, నిటారుగా, మెడలో విజిల్. రిటైరయ్యాక కూడా ఆ విజిల్ ఎందుకో నాకర్థం కాలేదు.

"రండి మేడమ్," అన్నాను. "గీ గల్లీలనే తేలుద్దాం."

అందరి ముందూ టెంటు వేశాను. పేపరు పరిచాను. మూడు బిందెలు కాదు, కోపంలో ఆరు బిందెలు పోశాను. పేపరు తీసి ఆమె మొహం ముందు ఆడించాను. కరకరలాడుతోంది.

"చూపెట్టుండ్రి! ఏడ కారింది? ఏడ?"

ఆమె పేపరు వైపు చూడనైనా చూడలేదు. "నీ గల్లీల బిందెతోని పోస్తే ఏం తెలుస్తదమ్మా? కొండ మీద చలి నీ బిందెల పడ్తదా? దమ్ముంటే ఆడికొచ్చి పండు. నా పక్కన, గీ టెంట్లనే. పేపర్ తడవకపోతే నేనే తప్పు చెప్పిన అని ఇంకో వీడియో పెడ్త."

"తడిస్తే?"

"గా ఎర్ర ముద్ర బంద్ చెయ్యి. జిందగీల మళ్ళ కుట్టొద్దు."

వెనక నుంచి అక్సా నా చెయ్యి గిల్లింది. నా నోరు ఎవరి గిల్లుడుకు ఆగింది కనక? "వస్త!" అనేశాను. అప్పటిదాకా నేనెక్కిన ఎత్తు గోల్కొండ కోట మెట్లు. అవి కూడా సగమే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అప్పటికి దాన్ని నేను సంగతి అని కూడా అనుకోలేదు. ఈ నైలాన్ టెంట్ల నమూనా అక్సా గీసింది. నెత్తి దగ్గర జానెడు కిటికీ, దానికి దోమలు రాకుండా జాలీ, ఆ పైన వాన పడకుండా చిన్న గొడుగు. చూసి నేను నవ్వాను. "గడ్డకట్టే చలిల నెత్తి మీద బొక్క పెడ్తవా? దిమాక్ ఉన్నదా?" అన్నాను. "నైలాన్ కాన్వాస్ లెక్క కాదు అమ్మీ, లోపల గాలి ఆడాలె," అంది. "గాలి గావాల్నంటే ఇంట్ల ఫ్యాన్ కింద పండుమను," అన్నాను. అది ఒప్పుకోలేదు. అందుకని అది కాలేజీకి పోయాక, జాలీకీ గొడుగుకీ మధ్య అదే రంగు గుడ్డ వేసి నాలుగు వైపులా కుట్టేశాను. లోపల్నుంచి చూస్తే జాలీ వెనక గొడుగే కనపడుతున్నట్టుంటుంది. బయటినుంచి చూస్తే గొడుగు గొడుగే. అంత నాజూకు కుట్టు. ఎవరూ అడగని పని, చలిలో పడుకునేవాళ్ళ మీద దయతో చేశాను. అప్పటికి అమ్మిన ముప్పై ఒక్క టెంట్లకూ అలాగే చేశాను.

జూన్‌లో బయల్దేరాం. సికింద్రాబాద్‌లో రైలెక్కి ఢిల్లీ దాకా ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆమె డబ్బాలో పులిహోర ఒకసారి నా వైపు జరిపింది. నేను నా రొట్టెల మూట విప్పాను. ఢిల్లీ నుంచి హిమాచల్‌కు బస్సు, బస్సు దిగాక నడక. సామాను మోయడానికి ఒక కంచరగాడిద, దాన్ని తోలే ఒక ముసలాయన. ఆయనకు తెలుగు రాదు కాబట్టి మా తిట్లు ఆయనకు అర్థం కాలేదు. అదొక్కటే మాకు మిగిలిన మర్యాద.

ఆ నడక గురించి ఏం చెప్పను! రెండు రోజులు. కాళ్ళ కింద రాళ్ళు దొర్లుతాయి. పది అడుగులు వేస్తే ఛాతీలో ఊపిరి చాలదు. మోకాళ్ళు నావి కావన్నట్టు మొరాయించాయి. ఎక్కడైనా రాయి చూసి కూలబడ్డానో లేదో, ముందు నుంచి విజిల్!

"లే! లే! కూసుంటే కాళ్ళు పట్టేస్తయి!"

"నేను మీ స్కూల్ పోరిని కాదు!"

"స్కూల్ పోరిలు నీకన్న నయం!"

మళ్ళీ విజిల్. ఆ విజిల్ లాక్కుని లోయలోకి విసిరేద్దామని కనీసం నాలుగుసార్లు అనుకున్నాను. ఆమె నా చేతికి అందేంత దగ్గరగా ఒక్కసారి కూడా చేరుకోలేకపోయాను, లేకపోతే విసిరేదాన్నే.

రెండోరోజు మధ్యాహ్నానికి చెరువు వచ్చింది. ధౌల్‌సర్ అంటారట. పన్నెండు వేల అడుగులకు పైనే. జనం ఎగబడి ఫొటోలు తీసుకునే చెరువు అని కల్పలత చెప్పింది కానీ, ఆ రోజు అక్కడ మేము తప్ప నరమానవుడు లేడు. నల్లటి నీళ్ళు, చుట్టూ బూడిదరంగు రాళ్ళ గుట్టలు, నీడన మిగిలిపోయిన మురికి మంచు. చెట్టు లేదు, పిట్ట లేదు. గాలి మాత్రం మొహం మీద కొడుతూనే ఉంది. ఇంత దూరం చచ్చీచెడీ వచ్చి చూసేది ఇదా అనిపించింది. ముసలాయన సామాను దించి, ఎల్లుండి పొద్దున వస్తానని హిందీలో చెప్పి దిగిపోయాడు. మిగిలింది నేను, ఆమె, నా టెంటు.

టెంటు నేనే వేశాను. ఆమెను చెయ్యి కూడా పెట్టనివ్వలేదు. రేపు సరిగ్గా వేయలేదని అంటే? లోపల పేపరు పరిచాను. సికింద్రాబాద్ స్టేషన్లో కొన్నదే, తేదీ కనపడేట్టు.

ఆమె గాలం తీసింది. అప్పుడు నాకు కాస్త ఉత్సాహం వచ్చింది, అబద్ధం ఎందుకు. చిన్నప్పుడు నాన్నతో శామీర్‌పేట చెరువుకు పోయి గాలం వేసినదాన్నే. గోధుమపిండిలో సోంపు, వెల్లుల్లి దంచి కలిపి ముద్ద చేసి ఎర వేస్తే బొచ్చె చేపలు వెతుక్కుంటూ వచ్చేవి. నేనూ పిండి తెచ్చాను. తడిపి ముద్ద చేస్తుంటే ఆమె చూసింది.

"అది నడ్వదు. గీడ నకిలీ ఎరనే వెయ్యాలె. చేపలు పట్టే పర్మిట్ల రాసున్నది."

"చేపకు పర్మిట్ చదువొచ్చా?"

"నాకొస్తది."

పిండిముద్ద తీసి సంచిలో పడేశాను. ఆమె చెంచాలా మెరిసే ఇనుప ముక్కను నీళ్ళలోకి విసిరి, మెల్లగా చుట్టుకుంటూ, మళ్ళీ విసిరి, చీకటి పడేదాకా నిలబడింది. ఒక్క చేపా పడలేదు. మంచిగైంది అనుకున్నాను. రొట్టెలు తిని, టెంటు జిప్పు వేసుకుని, వీపులు తిప్పుకుని పడుకున్నాం.

తెల్లారి మొహం మీద చుక్క పడితే మెలకువ వచ్చింది. తుడుచుకున్నాను. ఇంకోటి పడింది. పైకి చూస్తే గుడ్డ నిండా నీటిబొట్లు. పక్కలంట ధారలు కట్టి కిందికి జారుతున్నాయి. నా కంబళి అంచు పిండితే నీళ్ళొచ్చేట్టుంది. పేపరు ముద్దయి నేలకు అంటుకుపోయింది.

కల్పలత లేచి కూర్చుంది. పేపరు మూల పట్టుకుని ఎత్తింది. అది చినిగి సగం ఆమె చేతిలోకి వచ్చింది.

"కారింది," అంది. "కండ్లార చూసుకో. కారింది."

 నాన్న ముద్ర పోయిందనుకున్నాను. జిప్పు తీసి బయటపడ్డాను. బయట నేల పొడిగా ఉంది. రాళ్ళు పొడిగా ఉన్నాయి. టెంటు మీద సన్నని మంచుపొడి, వేలితో గీస్తే రాలిపోయింది. ఆకాశంలో మబ్బు తునక లేదు.

"బయటికి రండి టీచరమ్మా!" అని అరిచాను. "వాన ఏదీ? చుక్క వాన పడలే. ఆకాశం కారకుండ నా టెంట్ ఎట్ల కారుతది?"

ఆమె వచ్చింది. రాళ్ళమీద చెయ్యి పెట్టి చూసింది, టెంటు గుడ్డ మీద అరచేయి రాసి చూసింది. ఆమెతో వచ్చిన చిక్కే అది. మొండిదే గానీ కళ్ళముందున్నది కాదనదు.

"నిజమే. వాన పడలే," అంది. "అయితే ఇది మన ఊపిరే. లోపలి ఆవిరి. ఏ టెంట్ల అయినా జెరంత ఉంటది. కని గింతనా? పైన కిటికీ తెరిచే ఉన్నది గదా?"

ఆ మాటతో నాకు తెలిసిపోయింది. ప్రతి ఈద్ పండక్కీ బిర్యానీ దమ్ పెట్టేదాన్ని నేనే. డేగ్చీ అంచుకు పిండి అతికించి, ఆవిరి పోకుండా మూస్తాను. మూత తీసినప్పుడు దాని కడుపునుంచి నీళ్ళు బొటబొటా రాలతాయి. ఇరవై ఐదేళ్ళుగా చూస్తున్నాను. జాలీకీ గొడుగుకీ మధ్య గుడ్డ కుట్టి ఈ టెంటుకు దమ్ పెట్టింది నేనే. కాన్వాసు గుడారం దానంతటదే ఊపిరి పీల్చేది కాబట్టి నాన్నకు ఈ అవసరం రాలేదు. అక్సా చెప్పింది. నేను నవ్వాను.

కల్పలత నా జవాబు కోసం చూస్తోంది.

"ఉన్నది," అన్నాను. "నా బిడ్డ గీసిన కిటికీ. చూడుండ్రి, నెత్తి మీదనే."

ఆమె లోపలికి తల పెట్టి పైకి చూసింది. జాలీ వెనక అదే రంగు గుడ్డ. గొడుగే అనుకుంది.

"ఉన్నది," అంది మెల్లగా.

మాట ఇచ్చింది కాబట్టి అప్పటికప్పుడే ఫోను తీసి, చెరువు వెనకాల కనిపించేట్టు నిలబడి మాట్లాడింది. "చిలకలగూడ టెంట్ గురించి నేను చెప్పింది తప్పు. టెంట్ కారలేదు. కుట్టు మంచిగున్నది. తప్పు నాదే. తడిసిన బట్టలన్నీ లోపల పెట్టించింది నేను, లోపలి మూలకు సృజనను పండబెట్టింది నేను. మా చెల్లెకు గిట్లైందంటే నా వల్లనే."  ఫోను ఆపి, చెరువు వైపు తిరిగి, జాకెట్ చేత్తో కళ్ళు తుడుచుకుంది.

సిగ్గులేకుండా చెప్తున్నాను, నాకు ముందు సంతోషమేసింది. గెలిచాను. నాన్న ముద్ర నిలబడింది. నా టెంటు కారలేదు, ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. మిగతాది ఇంటికి పోయాక చూసుకుందాం అనుకున్నాను. కొత్తవాటికి ఆ గుడ్డ వేయకుండా ఉంటే సరిపోతుంది, ఎవరికి తెలుస్తుంది? అలా నాకు నేనే చెప్పుకుంటూ కంబళి ఎండలో ఆరేశాను. కానీ ఆ పూట రొట్టె సగంలోనే మూట కట్టేశాను. ఆమె అటువైపు ఒడ్డున గాలం వేస్తూ ఒంటరిగా నిలబడి ఉంది. తనను తాను తిట్టుకుంటోందని ఇంత దూరం నుంచీ తెలుస్తూనే ఉంది.

మధ్యాహ్నానికి ఆమెకు రెండు ట్రౌట్ చేపలు పడ్డాయి. మూరెడు పొడుగున, ఒంటి నిండా చుక్కలు. ఆమె రాతిమీద శుభ్రం చేస్తుండగానే కొండ వెనకనుంచి మబ్బు ఊడిపడింది. ఎక్కడిదో తెలియదు, అయిదు నిమిషాల్లో వెలుగు పోయింది. గోలీకాయలంత వడగళ్ళు. నెత్తి మీద చేతులు పెట్టుకుని ఇద్దరం టెంట్లోకి దూరాం. గాలికి తలుపు గుడ్డ లోపలికి కొడుతుంటే ఆమె జిప్పు కిందిదాకా లాగేసింది.

తరవాత చిన్న గ్యాస్ పొయ్యి తీసి మధ్యన పెట్టింది.

"లోపల వద్దు," అన్నాను.

"బయట వడగండ్లల వండుతవా? పైన కిటికీ ఉంటే ఏం గాదు. ఈ టెంట్ కొన్నదే ఆ కిటికీ చూసి." వెలిగించింది. పెనం పెట్టి నూనె పోసింది. "పోయినేడు సుత గిట్లనే. వాన పడ్తుంటే లోపలనే చాయ్ పెట్టుకున్నం, బట్టలు ఆరాలని చానసేపు మంట ఉంచినం. నేను తలుపు పక్కన ఉన్న. సృజన నెత్తి నొస్తున్నదని ఆ లోపలి మూలకు పండింది. మళ్ళ లేవలే."

 మా ఊళ్ళో చలికాలం వచ్చిందంటే పేపర్లో ఒక వార్త ఉంటుంది. ఏ వాచ్‌మన్ కుటుంబమో బొగ్గుల కుంపటి పెట్టుకుని, తలుపులు బిగించుకుని పడుకుని, పొద్దున లేవదు. ఆ వార్త చదివి అయ్యో పాపం, అంత తెలివి లేదా అనేదాన్ని. సృజనను పడగొట్టింది తడి కాదు, చలి కాదు. ఆ పొయ్యి వదిలే కంటికి కనపడని విషప్పొగ పోవడానికి దారి లేకపోవడం. ఆ దారి మూసింది నేను.

"ఆర్పుండ్రి."

"ఎందుకు?"

"ఆర్పమంటున్న గదా!"

"ఐదు నిమిషాలు. ఏందీ నీ లొల్లి?"

నా కణతల్లో అప్పటికే సుత్తితో కొట్టినట్టుంది. భయం వల్లో, పొగ వల్లో తెలియదు. జిప్పు తీసి పొయ్యిని బయటికి తన్నేస్తే సరిపోయేది. వాసన పడలేదనో కడుపులో తిప్పిందనో చెప్తే నమ్మేది. అప్పుడు కూడా నాకా ఆలోచన వచ్చిందని దాచను. కానీ ముప్పై ఒక్క టెంట్లు. ఆ క్షణంలో వాటిలో ఎన్ని ఏ కొండ మీద ఉన్నాయో, ఎన్నింట్లో పొయ్యి వెలుగుతోందో. గుడ్డ కోయమని వాళ్ళకు చెప్పాలంటే ఎందుకు కోయాలో చెప్పాలి. గుట్టుగా చేసే దారే లేదు.

పొయ్యి మీట తిప్పి ఆర్పేశాను. ఆమె "ఏయ్!" అంది. నడుముకున్న సంచిలోంచి దారాల కత్తెర తీశాను. మోకాళ్ళ మీద లేచి జాలీని చీల్చాను. వెనక ఉన్న గుడ్డలోకి కత్తెర దింపి నాలుగు వైపులా కోసుకుంటూ పోయాను. నా కుట్టు తెగనంటే తెగదు. చివరి మూల చేత్తో లాగేశాను. చల్లగాలి నెత్తిమీద పడింది. రెండు వడగళ్ళు గొడుగు కిందనుంచి ఎగిరి వచ్చి పెనంలో పడ్డాయి.

ఆమె నా చేతిలోని గుడ్డముక్క తీసుకుంది. అంచులంట కుట్టును వేలితో తడిమింది. ఆ తరవాత పైన తెరుచుకున్న కిటికీని చూసింది. ఆటల టీచరే గానీ, లెక్క కట్టడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు.

"కుట్టినవ్."

"కుట్టిన."

"పొద్దుగాల అడిగితే తెరిచే ఉన్నదన్నవ్."

"అన్న."

"నేను ఏడుస్తుంటే చూసుకుంట నిలవడ్డవ్."

"నిలవడ్డ."

లాగి ఒక్కటి కొట్టింది. చెంప అదిరిపోయింది. నన్ను కొట్టినవాళ్ళను తిరిగి కొట్టకుండా వదలడం నా జీవితంలో అదే మొదటిసారి. జిప్పు తీసుకుని వడగళ్ళలోకి వెళ్ళిపోయింది. నేను ఆ గుడ్డముక్క పట్టుకుని అక్కడే కూర్చున్నాను. వడగళ్ళు ఆగాక ఆమె తిరిగి వచ్చింది. జుట్టు తడిసి మొహానికి అంటుకుపోయింది. పొద్దుటి వీడియో నా కళ్ళముందే తీసేసింది. తీసేసి ఫోను నా మొహానికి ఎదురుగా పట్టుకుంది.

"చెప్పు."

"నన్ను మాఫ్ చేస్తవా?"

"చెయ్య. చెప్పు."

చెప్పాను. "నా పేరు షిరీన్. చిలకలగూడ మౌలాలి టెంట్ వర్క్స్. ఎర్రదారం ముద్ర ఉన్న నైలాన్ టెంట్ ఎవరికాడున్నా ఇనుండ్రి. నెత్తి మీద గొడుగు కింద బయటి నుంచి చెయ్యి పెట్టుండ్రి. గుడ్డ తాకితే, అది నేను కుట్టిందే. బ్లేడు పెట్టి కోసెయ్యుండ్రి. కొయ్యకుండ లోపల పొయ్యి వెలిగించకుండ్రి, పండకుండ్రి. నా బిడ్డ వద్దన్నది, నేనే దానికి తెల్వకుండ కుట్టిన. కల్పలత టీచర్ చెల్లెకు గట్లైంది నా వల్లనే, ఆమె వల్ల కాదు. ఇయ్యాల్టి నుంచి ఆ ముద్ర బంద్." చివరి మాట దగ్గర ఏడుపొచ్చింది. ఆమె ఫోను కదిలించలేదు, ఆపలేదు. ఏడుపంతా తీసింది.

ఆ రాత్రి కిటికీలోంచి గాలి కోసింది. పొద్దున చూస్తే చినిగిన పేపరు ముక్క పొడిగా ఉంది. ఇద్దరం చూశాం. ముసలాయన వచ్చి సామాను ఎత్తాడు.

దిగేటప్పుడు సగం దారిలో ఒక మలుపు దగ్గర ఫోన్లకు సిగ్నల్ వచ్చింది. కల్పలత ఆగింది. వీడియో పంపే మీట నాకే చూపించింది. నేనే నొక్కాను. ముందు అక్సాకు, ఆ వెంటనే ఆమె వీడియోలు చూసే జనానికి పోయింది. కాసేపటికి దాని దగ్గర్నుంచి మెసేజ్: "నంబర్లు తీసిన. అందరికీ ఫోన్ చేస్తున్న. నాతోని మాత్రం తర్వాత మాట్లాడు." ఒక అమ్మీ లేదు, ఏమీ లేదు.

ఈలోగా కల్పలత ఎవరికో ఫోన్ చేసి నా చేతికిచ్చింది.

"నాకు కాదు. దానికి చెప్పు."

అవతల సృజన. గొంతు సన్నగా ఉంది, మాట మాటకూ మధ్య ఊపిరి వినపడుతోంది. మొత్తం చెప్పాను. ఏదీ వదల్లేదు. తిడుతుందని చూశాను. తిడితే బాగుండు అనుకున్నాను.

"అక్కా, మీరేనా కుట్టింది?" అంది.

"నేనే."

"నాకు ఆ దినం యాదికున్నది. బయట మస్తు గాలి, వాన. లోపల వెచ్చగ ఉండె. నిద్ర పట్టే ముందు అనుకున్న, ఎవరో గని ఎంత మంచిగ కుట్టిండ్రు, జెరంత గాలి సుత వస్తలేదు అని."

కల్పలత నా చేతిలోంచి ఫోను తీసుకుంది. నేను దారి పక్కన రాతిమీద కూలబడిపోయాను. ఆమె విజిల్ ఊదలేదు. కాసేపు చూసి ముందుకు నడిచింది. కొంతసేపటికి లేచి నేనూ ఆమె వెనకాలే దిగాను.